రెండుసార్లు తెగిన సంకెళ్ళు: గ్వాడలూప్‌లో ఒక చరిత్ర యాత్ర

కరీబియన్ సముద్రంలోని ఫ్రెంచి దీవి గ్వాడలూప్‌లో బానిసత్వం రెండుసార్లు రద్దయింది. 1794లో ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం రద్దు చేసింది. 1802లో నెపోలియన్ పంపిన సైన్యం దాన్ని మళ్ళీ నిలబెట్టింది. 1848లో శాశ్వతంగా పోయింది. పక్కనున్న మార్టినిక్ 1794లో బ్రిటిష్ వారి చేతికి చిక్కడంతో అక్కడ మొదటి రద్దు అమలే కాలేదు. మరో ఫ్రెంచి వలస సెయింట్-డొమింగ్ నెపోలియన్‌ను ఎదిరించి గెలిచి హైతీ అయింది. ఇక్కడ మాత్రం, ఎనిమిదేళ్ళు చట్టం దృష్టిలో స్వేచ్ఛగా బతికిన మనుషుల్ని తిరిగి ఆస్తి జాబితాల్లోకి ఎక్కించారు. ఆ ఎనిమిదేళ్ళను, వాటి ముగింపును కళ్ళారా చూడకుండా 1848 గురించి ఎంత చదివినా సగమే తెలుస్తుంది.

అందుకే ఈ యాత్రను మ్యాపు ప్రకారం కాకుండా కాలక్రమం ప్రకారం అమర్చాం. దీనివల్ల బాస్-తేర్ పట్టణం వైపు రెండుసార్లు వెళ్ళాల్సి వస్తుంది, ఒక్కో వైపు సుమారు అరవై కిలోమీటర్ల దారి అదనం. అయినా ఈ వరసే మేలు. చాలామంది దిగగానే ప్వాంత్-ఆ-పిత్ర్‌లోని పెద్ద స్మారక భవనానికి వెళ్తారు. అది చివర చూడాల్సిన చోటు.

ముందుగా కాగితాల సంగతి. గ్వాడలూప్ ఫ్రాన్సులో భాగమే, చెల్లేది యూరోలే, కానీ షెంగెన్ ప్రాంతంలోకి రాదు. భారత పాస్‌పోర్టు ఉన్నవారికి మామూలు షెంగెన్ వీసా సాధారణంగా ఇక్కడికి చాలదు. దరఖాస్తులోనే ఫ్రాన్సు సముద్రాంతర ప్రాంతానికి వెళ్తున్నట్టు రాయాలి, వీసా చేతికొచ్చాక అది అక్కడ చెల్లుతుందని ముద్రించి ఉందో లేదో చూసుకోవాలి. పారిస్ ఓర్లీ విమానాశ్రయం నుంచి ఎనిమిదిన్నర గంటల ప్రయాణం. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా పొడి కాలం, జూన్ నుంచి నవంబరు దాకా తుపాన్ల కాలం. ఈ చరిత్ర కోసమే వచ్చేవారు మే నెలాఖరు ఎంచుకోవచ్చు. 1802 పోరాటం, 1848 ప్రకటన రెండూ మే నెలలోనే జరిగాయి. మే 27 ఇక్కడ సెలవు దినం, స్మారక సభలు జరుగుతాయి. ఆ రోజు ఏది తెరిచి ఉంటుందో ముందే కనుక్కోవాలి. కారు అద్దెకు తీసుకోక తప్పదు. బస్సులు ఉన్నా సాయంత్రాలూ ఆదివారాలూ బాగా తగ్గిపోతాయి, తోటల శిథిలాల దాకా వెళ్ళవు. బండి కుడివైపున నడపాలి. ఉదయం ఏడు నుంచి తొమ్మిది దాకా ప్వాంత్-ఆ-పిత్ర్ చుట్టూ, ముఖ్యంగా జారీ పారిశ్రామిక వాడ దగ్గర, ట్రాఫిక్ కదలదు. అటువైపు నుంచి ప్రయాణం ఉన్న రోజున ఆరున్నరకే బయల్దేరండి.

మొదటి రోజు: సెంత్-మరీ, త్రువా-రివియేర్

విమానాశ్రయం వైపు నుంచి దక్షిణంగా తూర్పు తీరం వెంట దిగితే కాపెస్తేర్-బెల్-ఓ పరిధిలో సెంత్-మరీ వస్తుంది. 1493 నవంబరు 4న, తన రెండో ప్రయాణంలో, కొలంబస్ ఇక్కడ దిగాడు. రోడ్డు పక్కన అతని స్మారకం ఉంది. స్పెయిన్‌లోని గ్వాడలూపే మాత మఠం పేరు ఈ దీవికి పెట్టాడు. ఇక్కడి ఆదివాసులైన కాలినాగోలు తమ నేలను పిలుచుకున్న పేరు కరుకేరా. స్మారకం దగ్గర పది నిమిషాలు చాలు.

స్పెయిన్ ఈ దీవిని ఆక్రమించలేకపోయింది. ఇక్కడ బంగారం లేదు, పైగా కాలినాగోలు గట్టిగా తిరగబడ్డారు. 1515లో పోన్సే దే లెయోన్ మనుషులు నీళ్ళ కోసం ఒడ్డుకు దిగితే వారి మీద పడ్డారు. అమెరికాకు వెళ్ళే స్పానిష్ ఓడలు ఇక్కడ మంచినీళ్ళు నింపుకుని పోవడమే తప్ప స్థావరం పెట్టలేదు. అలా మొదటి యూరోపియన్ పాదానికీ అసలైన ఆక్రమణకూ మధ్య 142 ఏళ్ళు గడిచాయి. ఈ దీవి చరిత్రను 1493లో మొదలుపెట్టి ఒక్క గంతులో 1635కి దూకే పుస్తకాలు, ఆ మధ్యకాలమంతా దీవిని కాపాడుకున్నవారిని చెరిపేస్తున్నట్టే.

అక్కడి నుంచి త్రువా-రివియేర్‌కు వెళ్ళండి. లే సెంత్ దీవులకు పడవలెక్కే రేవు పైనే రాతి చెక్కడాల ఉద్యానం ఉంది. కాలినాగోల కంటే ముందు, కొలంబస్‌కు వెయ్యేళ్ళకు పైగా పూర్వం, ఇక్కడ బతికినవారు అగ్నిపర్వతపు నల్లరాళ్ళ మీద ముఖాలు చెక్కారు. రెండు కళ్ళూ నోరూ ఉన్న గుండ్రటి ముఖాలే ఎక్కువ. గీతలు లోతు తక్కువ కాబట్టి నడినెత్తిన ఎండ ఉంటే ఏమీ కనపడదు. పొద్దునే, ఏటవాలు వెలుగులో చూడాలి. బాట రాళ్ళకు పాచి పట్టి ఉంటుంది, పట్టున్న బూట్లు వేసుకోవాలి. సెంత్-మరీ దారిలోనే ఉన్నా ముందు నేరుగా ఇక్కడికి వచ్చి, చూశాక వెనక్కి వెళ్ళడం కూడా మంచి ఆలోచనే. రాత్రికి బాస్-తేర్ పట్టణంలోగానీ పైనున్న సెన్-క్లోద్‌లోగానీ బస చేయండి.

రెండో రోజు: పడమటి తీరం వెంట ప్వాంత్ అలేగ్ర్ దాకా

బాస్-తేర్ నుంచి ఉత్తరంగా పోయే తీరం రోడ్డంతా మలుపులే. సెంత్-రోజ్ దగ్గరి ప్వాంత్ అలేగ్ర్ చేరడానికి ఆగకుండా వెళ్ళినా రెండు గంటలు పడుతుంది.

1635 జూన్ 28న లియెనార్ ద లొలీవ్, దు ప్లెసీ అనే ఇద్దరు ఫ్రెంచివారు అమెరికా దీవుల కంపెనీ తరఫున సుమారు 500 మందితో అక్కడ దిగారు. ఆ గుంపుకు జరిగిన అనర్థానికి కారణం ఆహారం. తెచ్చుకున్న ఉప్పు మాంసం ప్రయాణంలోనే చెడింది, విత్తనం వేసి పంట తీసేంత వ్యవధి లేదు, ఎదురుచూసిన సరుకు అందలేదు. కొన్ని నెలల్లోనే ఆకలి, జ్వరాలు చాలామందిని చంపేశాయి. దు ప్లెసీ ఆ డిసెంబరులోనే చనిపోయాడు. అప్పటిదాకా కాలినాగోలతో సర్దుకుపోదామన్న మనిషి అతనే. అతను పోగానే ద లొలీవ్ 1636 జనవరిలో వారి కర్రపెండలం తోటల కోసం యుద్ధం మొదలుపెట్టాడు. ఆక్రమణ అనే పెద్ద మాట వెనక, ఇక్కడ మొదట జరిగింది ఎదుటివాడి పొలంలోని తిండిని గుంజుకోవడం. నాలుగైదేళ్ళు సాగిన ఆ యుద్ధంలో కాలినాగోలు వెనక్కి తగ్గారు. 1660 మార్చి 31న బాస్-తేర్‌లో కుదిరిన ఒప్పందంతో వారికి డొమినికా, సెయింట్ విన్సెంట్ దీవులు మాత్రమే మిగిలాయి.

ప్వాంత్ అలేగ్ర్‌లో చూడటానికి కట్టడాలేమీ లేవు, తీరమే. ఒక జాగ్రత్త తప్పనిసరి. ఈ తీరాల్లో మాన్సినిల్యే అనే చెట్టుంటుంది, చిన్న పచ్చటి ఆపిల్ లాంటి కాయలు కాస్తుంది. కాయ విషం, పాలు తగిలితే చర్మం కాలుతుంది, వాన పడేటప్పుడు కింద నిలబడితే కారే నీళ్ళతోనే బొబ్బలు లేస్తాయి. చాలాచోట్ల మొదలుకు ఎర్ర రంగు పట్టీ వేసి ఉంటుంది. పట్టీ లేదని ధీమాగా ఉండొద్దు.

దారిలో వ్యూ-జాబితాన్ ఊళ్ళో తప్పక ఆగాలి. మొదట్లో ఇక్కడ పనిచేసినవారిలో ఎక్కువమంది తెల్ల కూలీలు. ఓడ ఖర్చుకు బదులు 36 నెలలు ఊడిగం చేస్తామని సంతకం పెట్టి వచ్చినవారు. గడువు బతికి బయటపడినవారు యజమానుల మాటకు దూరంగా ఈ లోయలో చేరి సొంత కమతాలు వేసుకున్నారు. వారు పండించింది పొగాకు. పొగాకుకు పెద్ద పెట్టుబడి అక్కర్లేదు, ఒక మనిషీ ఒకరిద్దరు సాయమూ ఉంటే చాలు. 1640ల నాటికి అది అతిగా పండి ధర కూలిపోయింది. 1654లో బ్రెజిల్ నుంచి పోర్చుగీసువారు తరిమేసిన డచ్చివారు వందల సంఖ్యలో, తమ బానిసలతో సహా, ఇక్కడికి వచ్చారు. గవర్నర్ షార్ల్ ఉయెల్ వారిని చేర్చుకున్నాడు. అప్పటికి దీవి మొత్తం అతని కుటుంబం కొనుక్కున్న సొత్తే. చెరకు నుంచి పంచదార తీసే పనితనం డచ్చివారితోనే వచ్చింది. చెరకుకు గానుగ కావాలి, రాగి పెనాలు కావాలి, వందల ఎకరాలు కావాలి, గడువు తీరి వెళ్ళిపోని కూలీలు కావాలి. ఆ చివరి అవసరమే ఆఫ్రికా తీరం నుంచి ఓడల్ని రప్పించింది.

వెనక్కి వచ్చేటప్పుడు బైయిఫ్‌లో ఒక రాతి బురుజు కనిపిస్తుంది, లాబా పాదిరీ పేరుతో ఉంది. 1690లలో వచ్చిన డొమినికన్ అనే కాథలిక్ సంఘానికి చెందిన ఈ సన్యాసి 1703లో ఇంగ్లీషువారి మీద పోరాడాడు, పంచదార మిల్లుల పని గురించి అన్ని వివరాలూ రాసిపెట్టాడు. బానిసల్ని కొట్టించిన సంగతి కూడా తన చేత్తోనే, ఏ సంకోచమూ లేకుండా రాశాడు. మూడో రోజు చూడబోయేదానికి అతని వివరణే ఇప్పటికీ ఆధారం.

మూడో రోజు: మరీ-గలాంత్

పంచదార ఎలా తయారయ్యేదో అర్థం చేసుకోవడానికి ఈ చిన్న దీవికి మించిన చోటు లేదు. ప్వాంత్-ఆ-పిత్ర్‌లోని బెర్జెవెన్ రేవు నుంచి గ్రాం-బూర్‌కు పడవలో సుమారు గంట. మధ్యలో సముద్రం కెరటాల మీద ఉంటుంది. వాంతులయ్యేవారు అరగంట ముందే మాత్ర వేసుకుని, పడవ వెనక భాగంలో కింద కూర్చోవాలి. వెళ్ళే పడవ ఉదయం మొదటిది, వచ్చేది సాయంత్రం చివరిదీ ముందే కొనుక్కోండి. దిగినచోటే కారు దొరుకుతుంది.

ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో మురా తోట. యజమాని మేడ, గాలిమిల్లు, పెనాల గది, వైద్యశాల గోడలు ఉన్నాయి. 1839లో ఈ ఒక్క తోటలో 307 మంది బానిసలు ఉండేవారు. ముందు మేడలోకి వెళ్ళొద్దు. కిందికి దిగి మిల్లు దగ్గర మొదలుపెట్టండి, సరుకు నడిచిన దారినే నడవండి.

అనకాపల్లి వైపు బెల్లం వండటం చూసినవారికి పని వరస కొత్తగా ఉండదు. కొత్తగా ఉండేది దాని వేగం, దాని వెనకున్న కొరడా. జనవరి నుంచి జూన్ దాకా కోత. నరికిన చెరకును ఒక్క రోజులోపు ఆడాలి, లేదంటే రసం పులుస్తుంది, ఇక పలుకు కట్టదు. గానుగలో నిలువుగా నిలబెట్టిన మూడు రోలర్లు. మధ్య రోలర్‌ను గాలో, నీరో, ఎద్దులో తిప్పితే పళ్ళచక్రాలు పక్క రెండింటినీ తిప్పుతాయి. ఇవతల నిలబడ్డ మనిషి చెరకు పెడితే, అవతలి మనిషి అందుకుని మధ్య రోలర్‌కూ మూడోదానికీ నడుమ తిరిగి దోస్తాడు. ఈ పనిలో ఎక్కువగా స్త్రీలను పెట్టేవారు. రాత్రింబవళ్ళు ఆపకుండా నడిచే గానుగ దగ్గర నిద్ర ముంచుకొచ్చి వేళ్ళు రోలర్ల మధ్య పడితే, గాలిమిల్లును అప్పటికప్పుడు ఆపడం అసాధ్యం. చెయ్యి నరికి మనిషిని బయటికి లాగడానికి పక్కనే కత్తి ఉంచేవారు.

రసం తూము గుండా పెనాల గదికి పారుతుంది. అయిదారు పెనాలు ఒకే పొయ్యి మీద వరసగా ఉంటాయి. మొదటిది అన్నిటికన్నా పెద్దది, చివరిది అన్నిటికన్నా చిన్నది, మంట సూటిగా తగిలేది చివరిదానికే. మొదటి పెనంలో సున్నం, బూడిద నీళ్ళు కలిపి తెట్టు పైకి తేలుస్తారు, తీసేస్తారు. రసం చిక్కబడేకొద్దీ పెద్ద గరిటెతో తర్వాతి పెనంలోకి పోస్తారు. చివరి పెనం దగ్గరుండే మనిషి వేళ్ళ మధ్య పాకం తీగ చూసి దింపే క్షణం చెబుతాడు. ముందు దించితే పలుకు రాదు, ఆలస్యమైతే మాడుతుంది. ఆ నిర్ణయం మీద తోట మొత్తం ఆదాయం ఆధారపడేది, ఆ నిర్ణయం తీసుకునే మనిషి బానిస. పొయ్యిలోకి ఎండిన చెరకు పిప్పే ఇంధనం. పాకం చల్లారాక అడుగున చిల్లున్న మట్టి శంకువుల్లో పోసి, చిల్లు తెరిచి మడ్డి కారనిస్తారు. పైన తడి తెల్లమట్టి పరిస్తే అందులోని నీరు మెల్లగా దిగుతూ మిగిలిన మడ్డిని కడుగుతుంది. పై భాగం తెల్లగా, కొన దగ్గర గోధుమరంగులో దిమ్మ వస్తుంది. కారిన మడ్డిని పులియబెట్టి సారాయి తీసేవారు.

ఈ దీవిలోనే ఉన్న మరో కాపెస్తేర్ వైపు వెళ్తే బెజార్ గాలిమిల్లు ఉంది, రెక్కలతో సహా పునరుద్ధరించారు. రెక్కల్ని గాలికి ఎదురుగా తిప్పడానికి పైకప్పు మొత్తాన్ని పొడవాటి దూలంతో నెట్టేవారని అక్కడ బాగా తెలుస్తుంది. ఈ దీవిలో ఒకప్పుడు వందకు పైగా మిల్లులు ఉండేవి. మధ్యాహ్నానికి బెబెలే తినండి, పచ్చి అరటి, పనసలాంటి సీమపనస, పశువు పేగులు కలిపి వండే కూర, ఆఫ్రికా నుంచి వచ్చినవారి వంట.

తిరిగి వచ్చేముందు గ్రాం-బూర్ దగ్గర మార్-ఓ-పంచ్ అనే చెరువు చూడండి. 1849 జూన్ ఎన్నికల్లో మోసం జరిగిందని కోపగించిన కొత్త ఓటర్లు పిరోగ్ తోటలోని పంచదారను, రమ్మును ఈ చెరువులో కుమ్మరించారు. బానిసత్వం పోయిన ఏడాదికే సైనికులు వారి మీద కాల్పులు జరిపారు.

నాలుగో రోజు: గ్రాంద్-తేర్ ఉత్తర భాగం

గ్వాడలూప్‌లోని తూర్పు సగమైన గ్రాంద్-తేర్ చదునైన సున్నపురాతి నేల, అడ్డులేని తూర్పు గాలి. మిల్లుల రాతి బురుజులు చెరకు చేలలో ఇప్పటికీ అక్కడక్కడ నిలబడి ఉంటాయి. పర్వతాలున్న పడమటి సగంలో ఏరుల నీటితో మిల్లులు తిప్పారు.

పెతి-కనాల్ రేవు పైకి బానిసల మెట్లు అని పిలిచే పెద్ద రాతి మెట్లున్నాయి. పక్కల ఆఫ్రికా జాతుల పేర్ల ఫలకాలు ఉన్నాయి. దగ్గర్లోనే పాత జైలు, గోడల్ని మర్రిజాతి చెట్టు వేళ్ళు పట్టి మింగేశాయి. ఫలకాల దగ్గర నిలబడినప్పుడు తెలుగువారు తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆఫ్రికా తీరంలో మనుషుల్ని కొనడానికి ఫ్రెంచి వర్తకులు తీసుకెళ్ళిన సరుకుల్లో భారతీయ నూలు గుడ్డలది పెద్ద వాటా. ఆ గుడ్డలు కోరమండల్ తీరంలో నేసినవి, ఫ్రెంచి కంపెనీ పుదుచ్చేరితో పాటు మచిలీపట్నం, యానాంలలో కూడా గుడ్డలు కొనేది. మగ్గం మీద కూర్చున్నవాడికి తన గుడ్డ ఎక్కడికి పోతుందో తెలిసే అవకాశం లేదు. కొన్నవాడికి బాగా తెలుసు.

ఆన్స్-బెర్త్రాన్ పరిధిలోని మహోదియేర్ తోటకు వెళ్తే మిల్లు శిథిలాల దగ్గర ఒక చీకటి కొట్టు ఉంటుంది. లోపలికి వంగి వెళ్ళాలి. యజమాని దుయార్ మహోదియేర్, తన భార్యకు విషం పెట్టిందన్న అనుమానంతో లుసీల్ అనే బానిస స్త్రీని ఇక్కడ 22 నెలలు గొలుసులతో బంధించాడు. 1840లో ప్వాంత్-ఆ-పిత్ర్ కోర్టులో విచారణ జరిగి అతను నిర్దోషిగా బయటికి వచ్చాడు. ఆ తీర్పు పారిస్‌లో దుమారం రేపింది, బానిసత్వ వ్యతిరేకులకు బలమైన ఆధారమైంది.

ఆ తీర్పు చట్టానికి అడ్డంగా వచ్చిందా, చట్టం నుంచే వచ్చిందా అంటే ఫ్రెంచి వలసల్లోని బానిసల గురించి 1685లో రాజు జారీ చేసిన ‘కోడ్ నువార్’, అంటే నల్ల చట్టం, చదవాలి. ఈ యాత్రకు వచ్చేముందే దానిలోని 60 నిబంధనలూ చదివి రండి, గంట పట్టదు. 44వ నిబంధన బానిసను చరాస్తిగా ప్రకటించింది. 38వది, నెల రోజులు పారిపోయినవాడి చెవులు కోసి భుజం మీద రాజముద్ర కాల్చమంది, రెండోసారి మోకాలి వెనక నరం కోయమంది, మూడోసారి మరణం. 22వది పదేళ్ళు దాటినవారికి వారానికి రెండున్నర పాత్రల కర్రపెండలం పిండి, రెండు పౌన్ల ఉప్పు గొడ్డుమాంసం లేదా మూడు పౌన్ల చేప ఇవ్వమంది. 24వది, తిండికి బదులు ఒక రోజు సెలవిచ్చి నీ తిండి నువ్వే పండించుకో అనకూడదంది. దెబ్బల నిబంధనలు అమలయ్యాయి, తిండి నిబంధన అమలు కాలేదు. శనివారం సెలవిచ్చి చేతులు దులుపుకోవడం మామూలైపోయింది. 1790 నాటికి దీవిలో సుమారు 90,000 మంది బానిసలు, తెల్లవారు 14,000 లోపు.

చివరగా ల మూల్ దగ్గరి సెంత్-మార్గరీత్ తీరం. అలల కోతకు ఎముకలు బయటపడ్డాక 1990ల చివర్లో తవ్వి చూస్తే అది బానిసల శ్మశానం అని తేలింది. ఇసుకలో నడిచేటప్పుడు జాగ్రత్తగా నడవండి, ఏదీ తీసుకోవద్దు.

అయిదో రోజు: ఫ్లేర్ దెపే కోట

ఇది చిన్న రోజు, కానీ వదలకూడదు. గోజియే దగ్గరి కొండ మీది ఈ కోటను 1794 ఏప్రిల్‌లో బ్రిటిష్ వారు పట్టుకున్నారు. అంతకుముందూ 1759 నుంచి 1763 దాకా దీవి వారి చేతుల్లోనే ఉంది. అప్పట్లో ఫ్రాన్సు కెనడాను వదులుకుని గ్వాడలూప్‌ను వెనక్కి తీసుకుంది, పంచదార విలువ అంతటిది. 1794 జూన్ మొదట్లో విక్టర్ యూగ్ అనే కమిషనర్ వెయ్యి పైచిలుకు మందితో దిగాడు. అతని దగ్గర రెండు వస్తువులున్నాయి, తల నరికే యంత్రం గిలటిన్ ఒకటి, ఫిబ్రవరి 4 నాటి బానిసత్వ రద్దు ఉత్తర్వు మరొకటి. కోటను రాత్రి దాడిలో గెలుచుకుని, మర్నాడు స్వేచ్ఛ ప్రకటించాడు. విడుదలైనవారు సైన్యంలో చేరారు, డిసెంబరుకల్లా బ్రిటిష్ వారు వెళ్ళిపోయారు. ప్వాంత్-ఆ-పిత్ర్‌లోని విక్టరీ చౌకు పేరు ఆ గెలుపుదే, గిలటిన్ నిలబెట్టిందీ అక్కడే.

అయితే పొలాల్లో ఉన్నవారికి దక్కిన స్వేచ్ఛ కుంటిది. సాగుదార్లు తమ తోటల్లోనే పనిచేయాలని, వదిలిపోతే శిక్ష అని యూగ్ ఆజ్ఞలు జారీ చేశాడు. కొరడా పోయింది, కానీ తోట విడిచిపోయే హక్కు రాలేదు. కోట సొరంగాల్లోకి టార్చి తీసుకెళ్ళండి.

ఆరో రోజు: బాస్-తేర్ కోట, మతూబా

ఈ రోజుకు పూర్తి సమయం ఉంచండి. ప్వాంత్-ఆ-పిత్ర్ నుంచి తెల్లవారే బయల్దేరితే తొమ్మిదికి కోట దగ్గరుంటారు. 1650లో ఉయెల్ మొదలుపెట్టిన ఈ కోటకు 1989 నుంచి లూయీ దెల్‌గ్రెస్ పేరు.

దెల్‌గ్రెస్ 1766లో మార్టినిక్‌లోని సెన్-పియేర్‌లో పుట్టిన మిశ్రజాతి సైనికాధికారి. 1802 మే 6న నెపోలియన్ పంపిన జనరల్ రిష్‌పాన్స్ సుమారు 3,500 మంది సైనికులతో ప్వాంత్-ఆ-పిత్ర్‌లో దిగాడు. అప్పటికి దీవిని నడుపుతున్న నల్ల, మిశ్రజాతి అధికారుల్లో పెద్దవాడు మగ్లోయిర్ పెలాజ్. ఫ్రాన్సుకు విధేయత చూపితే స్వేచ్ఛ నిలుస్తుందని నమ్మి స్వాగతం చెప్పాడు. రిష్‌పాన్స్ దిగిన రోజే నల్ల సైనికుల ఆయుధాలు తీయించి ఓడల్లో బంధించాడు. కొందరు తప్పించుకుని బాస్-తేర్‌కు వచ్చి చెప్పారు. దెల్‌గ్రెస్, అతని తోటి అధికారి ఇన్యాస్ పోరాటానికి సిద్ధమయ్యారు. మే 10న దెల్‌గ్రెస్ పేరుతో ప్రకటన వెలువడింది, శీర్షిక ‘సమస్త విశ్వానికి, నిరపరాధుల, నిరాశ చెందినవారి ఆఖరి కేక’. అణచివేతను ఎదిరించడం సహజ హక్కు అని అందులో రాశారు. కలం పట్టిన మోన్నెరో అనే తెల్ల యువకుణ్ణి తర్వాత ఉరి తీశారు.

కోట బురుజుల మీద నిలబడి సముద్రం వైపు చూసి, వెంటనే వెనక్కి తిరిగి కొండవైపు చూడండి. ఓటమికి సగం కారణం అక్కడే ఉంది. సముద్రం నుంచి వచ్చే శత్రువును ఆపడానికి కట్టిన కోట ఇది. రిష్‌పాన్స్ నేల మీది ఎత్తుల్లో ఫిరంగులు పెట్టి లోపలికి కాల్చాడు. మిగతా సగం కారణం పెలాజ్, అతను తన మనుషులతో ఫ్రెంచి సైన్యం తరఫున పోరాడాడు. మే 22 రాత్రి దెల్‌గ్రెస్, ఇన్యాస్ గాలియోన్ ఏటి వైపు చిన్న ద్వారం గుండా బయటపడ్డారు. ఆ ద్వారం ఇప్పటికీ ఉంది, అడిగి చూడండి. అక్కడ వారు విడిపోయారు. ఇన్యాస్ ప్వాంత్-ఆ-పిత్ర్ వైపు వెళ్ళి మే 25న బెంబ్రిడ్జ్ దగ్గర వందలాది మందితో పాటు చనిపోయాడు. దెల్‌గ్రెస్ మతూబా కొండల్లోకి ఎక్కాడు.

అదే దారిలో కారులో సెన్-క్లోద్ మీదుగా పైకి వెళ్ళండి. సుమారు అరగంట ప్రయాణం, మధ్యాహ్నం తర్వాత మబ్బు కమ్ముతుంది కాబట్టి పన్నెండులోపు చేరాలి. మే 28న దెల్‌గ్రెస్, సుమారు 300 మంది స్త్రీపురుషులు దాంగ్లెమోన్ తోట మేడలో చిక్కుకున్నారు. మందుగుండు పీపాలు పరిచి, ఫ్రెంచి ముందుదళం దగ్గరికి వచ్చేదాకా ఆగి, నిప్పు పెట్టారు. స్వేచ్ఛగా బతకడం లేదా చావడం అన్నది వారి నినాదం. మేడ మిగల్లేదు. దగ్గర్లో స్మారకం ఉంది.

తర్వాత జరిగింది పుస్తకాల్లో తక్కువగా కనిపిస్తుంది. నెలల తరబడి ఉరితీతలు, కాల్చివేతలు సాగాయి. జులై 17న రిష్‌పాన్స్ ఉత్తర్వు పౌరసత్వాన్ని తెల్లవారికే పరిమితం చేసింది. అతను సెప్టెంబరు 3న పచ్చజ్వరంతో చనిపోయాడు, సమాధి ఈ కోటలోనే ఉంది. దెల్‌గ్రెస్ పేరున్న కోటలో రిష్‌పాన్స్ సమాధి ఉండటం చూసి కోపం రావడం సహజం, అయినా చూడాలి. పోరాటంలో పాల్గొన్న సొలిత్యూద్ అనే స్త్రీ గర్భిణి కావడంతో ఉరి వాయిదా వేశారు. బిడ్డ పుట్టిన మర్నాడు, 1802 నవంబరు 29న, శిక్ష అమలైంది. పుట్టిన బిడ్డ యజమాని ఆస్తి అవుతుంది కదా, అందుకే అప్పటిదాకా ఆగారు. ఆమె విగ్రహం లెజ్-అబీమ్‌లోని వీరుల రహదారి మీద ఉంది, తిరుగు ప్రయాణంలో ఆగండి.

ఏడో రోజు: ప్వాంత్-ఆ-పిత్ర్

1843 ఫిబ్రవరి 8 భూకంపం ఈ ఊరిని నేలమట్టం చేసింది, కనుక యూగ్ కాలం నాటి కట్టడాల కోసం వెతకొద్దు. పేన్యే వీధిలో షెల్షేర్ మ్యూజియం ఉంది, 1887లో తెరిచారు. మరమ్మతుల వల్ల తెరిచి ఉందో లేదో ముందే కనుక్కోవాలి. విక్టర్ షెల్షేర్ 1848 ఫిబ్రవరి విప్లవం తర్వాత మంత్రిత్వ శాఖలోకి వచ్చి ఏప్రిల్ 27న రద్దు ఉత్తర్వు తెప్పించాడు. అది దీవిలో ప్రకటించిన రెండు నెలలకు అమలవ్వాలని ఉంది. ఆ కబురు ఓడలో ఉండగానే మే 22న మార్టినిక్‌లో బానిసలు తిరగబడ్డారు, అక్కడ మర్నాడే స్వేచ్ఛ ప్రకటించక తప్పలేదు. గ్వాడలూప్ గవర్నర్ లెర్ల్ ఆ నిప్పు ఇక్కడికి అంటుకోకముందే మే 27న ప్రకటించాడు. పారిస్ అధికారి గాతీన్ ఉత్తర్వుతో జూన్ 5న దిగేసరికి అంతా అయిపోయింది. షెల్షేర్ కృషిని తక్కువ చేయనక్కర్లేదు. అయితే తేదీని నిర్ణయించింది బానిసలే.

సుమారు 87,000 మంది ఒక్కసారిగా పౌరులయ్యారు. వారికి ఇంటిపేర్లు లేవు. ఊరూరా రిజిస్టర్లు తెరిచి క్రమసంఖ్య, వయసు, తల్లి పేరు రాసి ఒక ఇంటిపేరు కట్టబెట్టారు. గుమాస్తాలు అక్షరాలు అటూఇటూ చేసి పేర్లు పుట్టించారు. ఆ ఏడాదే మాజీ బానిస లూయిజీ మాత్యో గ్వాడలూప్ ప్రతినిధిగా పారిస్ సభలో కూర్చున్నాడు. రిజిస్టర్లను బాస్-తేర్ పట్టణం దగ్గరి గుర్బెయిర్‌లోని జిల్లా ఆర్కైవ్స్‌లో చూడొచ్చు, ఆసక్తి ఉంటే ఆరో రోజునే అటు వెళ్ళాలి.

ఇక మొదట్లో చెప్పిన పెద్ద స్మారక భవనం, మెమోరియల్ ఆక్త్. 2015 మే 10న ప్రారంభమైన ఈ 240 మీటర్ల పొడవు భవనం పాత దార్బూసియే పంచదార కర్మాగారం స్థలంలో ఉంది. కనీసం మూడు గంటలు కేటాయించండి, ఆడియో గైడు తీసుకోండి. 1848 తర్వాతి గదుల్లో నష్టపరిహారం పత్రాల దగ్గర నిదానంగా ఆగండి. 1849 ఏప్రిల్ 30 చట్టం ప్రకారం పరిహారం అందుకున్నది యజమానులు. గ్వాడలూప్‌లో తలకు సుమారు 470 ఫ్రాంకులు. అందులో కొంత భాగం మినహాయించి దీవిలో బ్యాంకు పెట్టారు, ఆ బ్యాంకు తోటలకు అప్పులిచ్చింది. పని చేసినవారికి ఒక్క సెంటు భూమి కూడా ఇవ్వలేదు. తోట వదిలినవారి మీద దేశదిమ్మరి చట్టాలు ప్రయోగించారు.

తోటల యజమానులు వేరే కూలీల కోసం భారతదేశం వైపు చూశారు. 1854 డిసెంబరు 24న ‘ఒరేలీ’ ఓడ 314 మందితో ఈ ఊరి రేవులో ఆగింది. 1889 దాకా వచ్చినవారు 42,000 మందికి పైనే. ఎక్కువమంది తమిళులు, వారిలో తెలుగువారు కూడా ఉన్నారు. అయిదేళ్ళ కాంట్రాక్టు, అవే చెరకు చేలు, చాలాచోట్ల అవే గుడిసెల వరసలు. వారి పిల్లలు బ్రిటిష్ ప్రజలన్న సాకుతో ఓటు ఇవ్వలేదు. కాపెస్తేర్-బెల్-ఓకు చెందిన ఆన్రీ సిదంబరం 1904లో మొదలుపెట్టిన వ్యాజ్యాన్ని 1923 దాకా నడిపి ఆ ఓటు సాధించాడు.